అడ్డు పెడితే పెరిగిన కరెంటు: ఒక అయాన్ బీమ్ లెక్క కేసు

ఈ కేసు ఒక పరిశోధక విద్యార్థినిది. ఆమె పేరు, విశ్వవిద్యాలయం, ప్రయోగం జరిగిన ల్యాబు, సంవత్సరం రాయడం లేదు. కరెంటు రీడింగులను లెక్కకు వీలుగా గుండ్రం చేశాను. వాటి మధ్య నిష్పత్తులు మాత్రం లాగ్ బుక్కులో ఉన్నవే. ఆ రోజుల్లో నేను బీమ్ లైన్ చూసుకునేవాణ్ని. వేగంగా వెళ్లే అయాన్ల (ఆవేశం ఉన్న అణువుల) ధార బీమ్, దాన్ని యంత్రం నుంచి ప్రయోగం దాకా తెచ్చే మార్గం బీమ్ లైన్. బయటి నుంచి వచ్చేవాళ్లకు బీమ్ అందించడం, కొలతల్లో తేడా వస్తే వాళ్లతో కూర్చుని వెతకడం నా పని. సెకనుకు ఎన్ని కణాలు వస్తున్నాయి, ఎంత వేగంతో వస్తున్నాయి అని బీమ్ తీసుకునే ప్రతివాళ్లూ అడుగుతారు. ఆ రెండూ వేర్వేరు లెక్కలని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను. అవి ఎక్కడ ముడిపడతాయో ఈ కేసులోనే నాకు సరిగ్గా తెలిసింది.

నేపథ్యం

మెషీన్ టాండెమ్ రకం పెల్లెట్రాన్, అంటే ఒకే అధిక వోల్టేజితో అయాన్లను రెండుసార్లు వేగవంతం చేసే యంత్రం. ఇలాంటివి ముంబయిలో, ఢిల్లీలో, ఇంకా చాలా దేశాల్లో ఉన్నాయి. లోహపు గుళికలను నైలాన్ ముక్కలతో కలిపిన గొలుసు ఆవేశాన్ని మోసుకెళ్లి ట్యాంకు మధ్యలో ఉన్న టెర్మినల్‌కు చేరుస్తుంది. పెల్లెట్రాన్ అన్న పేరు ఆ గుళికల వల్లే వచ్చింది. మా టెర్మినల్ ఆ రోజు 111 లక్షల వోల్టుల దగ్గర నిలిచి ఉంది.

సిలికాన్ అణువుకు ఒక ఎలక్ట్రాన్ అదనంగా తగిలించి రుణ అయాన్‌గా లోపలికి పంపుతారు. ధన టెర్మినల్ దాన్ని లాక్కుంటుంది. అంటే తొలి సగంలో 11.1 ఎంఈవీ శక్తి వస్తుంది (ఒక ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు, కణాల శక్తికి వాడే కొలమానం). టెర్మినల్ దగ్గర పల్చటి కార్బన్ రేకు ఉంటుంది. దాన్ని దాటేటప్పుడు అయాన్ కొన్ని ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని ధన అయాన్‌గా మారుతుంది. ఇప్పటిదాకా లాగిన టెర్మినలే ఇప్పుడు దాన్ని తోస్తుంది. 8 ఎలక్ట్రాన్లు లోటు ఉన్న 8+ అయాన్‌కు రెండో సగంలో 8 × 11.1 ఎంఈవీ వస్తుంది. రెండూ కలిపితే 99.9, మొదట్లో అయాన్లను తయారుచేసే సోర్సు ఇచ్చే చిన్న తోపుతో 100 ఎంఈవీ అనుకోవచ్చు. రేకులోంచి 6+, 7+, 9+ అయాన్లు కూడా వస్తాయి. కానీ వాటి శక్తి వేరు, అయస్కాంతంలో అవి వంగే తీరు వేరు. కాబట్టి తర్వాత ఉన్న పెద్ద అయస్కాంతం 8+ వాటినే ఏరి మా వైపు పంపుతుంది.

ఆమె ప్రయోగం చూడటానికి చాలా సులువు. చదరపు సెంటీమీటరుకు 200 మైక్రోగ్రాముల మందం ఉన్న బంగారు రేకు మీద సిలికాన్-28 బీమ్ పడుతుంది. చెదిరిన అయాన్లను వివిధ కోణాల్లో పెట్టిన సిలికాన్ డిటెక్టర్లు లెక్కిస్తాయి. చెదరని బీమ్ నేరుగా వెళ్లి చివర ఉన్న ఫారడే కప్పులో పడుతుంది. అది లోతైన లోహపు గిన్నె. దానికి తగిలించిన మీటరు ఎన్ని నానో ఆంపియర్లు వస్తున్నాయో చూపిస్తుంది.

అసలు ప్రయోగం వేరే టార్గెట్‌తో (బీమ్ పడే రేకుతో), తర్వాత జరగాల్సింది. ఇది దానికి ముందు సరిచూసుకునే పరుగు, అంటే ఒక విడత కొలత. సిలికాన్, బంగారం కేంద్రకాలు తాకాలంటే 100 ఎంఈవీ కంటే చాలా ఎక్కువ శక్తి కావాలి. 100 దగ్గర అవి ఒకదాన్నొకటి విద్యుత్ బలంతో తోసుకోవడమే తప్ప తాకవు. అంటే ఏ కోణంలో ఎన్ని అయాన్లు చెదురుతాయో చెప్పే, 1911లో రూథర్‌ఫర్డ్ ఇచ్చిన సూత్రం ఇక్కడ అక్షరాలా పనిచేయాలి. జవాబు ముందే తెలిసిన లెక్క కాబట్టే దీన్ని ఎంచుకున్నాం.

వచ్చిన సమస్య

జవాబు రాలేదు. 30 డిగ్రీల డిటెక్టరులో సెకనుకు దాదాపు 50 అయాన్లు రావాలని ఆమె లెక్క చెబుతోంది. వస్తున్నవి 33. 40 డిగ్రీల దగ్గరా, 60 డిగ్రీల దగ్గరా అదే నిష్పత్తి. ఎక్కడ చూసినా రావాల్సిన దాంట్లో 66 శాతం మాత్రమే ఉంది. వెయ్యి సెకన్లు లెక్కిస్తే 30 డిగ్రీల దగ్గర 33 వేలు వచ్చాయి. అంత సంఖ్యలో గణాంకపు ఊగిసలాట అర శాతం చుట్టుపక్కలే ఉంటుంది. 34 శాతం లోటును అదృష్టం మీదికి తోసేయడానికి వీల్లేదు.

రాత్రి షిఫ్టు మధ్యలో నా దగ్గరికి వచ్చి, "సార్, ఫార్ములాలన్నీ మూడుసార్లు చూశాను. ఎక్కడ పోతున్నాయో తెలియడం లేదు" అంది. ఆమె నోటుబుక్కు తీసుకుని మొదటి పేజీ నుంచి చదివాను. ఎవరి లెక్క తప్పినా నేను ముందు అదే చేస్తాను. జవాబు దగ్గర మొదలుపెడితే జవాబును సరిచేసే మార్గాలే కనిపిస్తాయి.

కణాల సంఖ్యను ఆమె రాబట్టిన దారి నన్ను ఆపింది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో రాగి తీగకు నేర్పే సూత్రాన్ని తీసుకుంది. కరెంటు అంటే ఘనపు మీటరులోని కణాల సంఖ్య, ఒక్కో కణం ఆవేశం, వేగం, మధ్యచ్ఛేద వైశాల్యం, ఈ నాలుగింటి లబ్ధం. అందులో వైశాల్యం ఉంది కాబట్టి బీమ్ మచ్చ ఎంత పెద్దదో కొలవడానికి రెండు రోజులు పెట్టింది. క్వార్ట్జ్ పలక మీద మెరుపును కెమెరాతో తీసి, 3 మిల్లీమీటర్ల వ్యాసం అని తేల్చింది. వేగం ఉంది కాబట్టి దాన్నీ లెక్కగట్టింది. ఘనపు మీటరుకు పది కోట్ల అయాన్లని తేల్చి, సెకనుకు ఎన్నో కావాలి కనుక దాన్ని మళ్లీ అదే వేగంతో, అదే వైశాల్యంతో గుణించింది. భాగించిన వాటితోనే తిరిగి గుణించింది కాబట్టి రెండూ ఎగిరిపోయాయి. మిగిలింది కరెంటును ఒక్కో అయాన్ ఆవేశంతో భాగించడమే.

ఆ భాగహారం ఇది. కప్పు మీటరు 24 నానో ఆంపియర్లు చూపుతోంది. అయాన్ 8+, ఎలక్ట్రాన్ ఆవేశం 1.602 × 10⁻¹⁹ కూలుంబులు. కాబట్టి సెకనుకు 1,873 కోట్ల అయాన్లు.

"బీమ్ మచ్చ కొలవక్కర్లేదమ్మా. వేగం కూడా అక్కర్లేదు. సెకనుకు ఎంత ఆవేశం పడిందో మీటరు చెబుతోంది, ఒక్కోటి ఎంత మోస్తోందో నీకు తెలుసు. అంతే" అన్నాను. ఆ మాటలో మొదటి భాగం నిజం. వేగం అక్కర్లేదన్నది తప్పు. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు రెండు షిఫ్టులు పట్టింది.

వెతికిన చోట్లు

అన్ని కోణాల్లోనూ ఒకే నిష్పత్తి తగ్గడం మొదటి ఆధారం. రూథర్‌ఫర్డ్ సూత్రంలో లెక్క కోణంలో సగానికి సైన్ తీసుకుని, దాని నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. కోణం కొలతలో తప్పుంటే చిన్న కోణాల్లో ఎక్కువ తేడా, పెద్ద కోణాల్లో తక్కువ తేడా రావాలి. అలా లేదు. కాబట్టి తప్పు అన్ని కోణాలకూ ఉమ్మడిగా ఉన్నదాంట్లో ఉంది. అవి నాలుగు: బీమ్ శక్తి, వచ్చిన అయాన్ల సంఖ్య, టార్గెట్ మందం, డిటెక్టర్ల ఘనకోణం, అంటే టార్గెట్ నుంచి చూస్తే అవి ఎంత మేర ఆక్రమిస్తాయన్నది.

శక్తితో మొదలుపెట్టాను. నోటుబుక్కులో వేగాన్ని న్యూటన్ సూత్రంతో కట్టింది. శక్తికి రెట్టింపును ద్రవ్యరాశితో భాగించి వర్గమూలం తీసుకుంటే కాంతి వేగంలో 8.761 శాతం వస్తుంది. ఐన్‌స్టీన్ సూత్రంతో కడితే 8.736 శాతం. తేడా వెయ్యికి మూడు పాళ్లు. ఎలక్ట్రాన్లతో పనిచేసేవాళ్లకు ఈ ఎంపికే ప్రాణం. 1 ఎంఈవీ ఎలక్ట్రాన్‌కు పాత సూత్రం వాడితే కాంతి కంటే దాదాపు రెట్టింపు వేగం వస్తుంది, నిజానికి ఉండేది కాంతి వేగంలో 94 శాతం. కానీ సిలికాన్ కేంద్రకం ద్రవ్యరాశిని శక్తి లెక్కలో చెబితే 26 వేల ఎంఈవీలకు పైమాటే. దాని ముందు 100 ఎంఈవీ చిన్న తోపు. ఈ తేడా 34 శాతం లోటుకు కారణం కాదు. అయినా సరైన సూత్రంతోనే మళ్లీ కట్టమన్నాను. చిన్న తప్పులను చిన్నవే కదా అని వదిలేస్తే, పెద్దది దొరికాక మిగిలిన తేడా దేనిదో చెప్పలేం.

అసలు శక్తి 100 అవునా కాదా అన్నదీ చూశాం. ఆ శక్తితో వెళ్లే 8+ సిలికాన్‌ను వంచడానికి అయస్కాంత క్షేత్రం, వంపు వ్యాసార్ధం కలిపి గుణిస్తే 0.953 టెస్లా మీటర్లు కావాలి. అయస్కాంతంలోని క్షేత్రమాపకం చూపిన అంకె దానితో సరిపోయింది. 7+ పొరపాటున వచ్చి ఉంటే శక్తి 89 దగ్గర ఉండేది, ఆ సెట్టింగులో ఆ అయాన్ మా లైన్లోకి తిరిగేదే కాదు. శక్తి, అయస్కాంతం దాటిన ఆవేశం రెండూ ఖాయం.

తర్వాత ఫారడే కప్పు. నా అనుమానమంతా దీని మీదే. వేగంగా వచ్చిన అయాన్ లోహానికి తగిలినప్పుడు అక్కడి ఎలక్ట్రాన్లు బయటికి ఎగురుతాయి. ఒక ఎలక్ట్రాన్ కప్పు వదిలి వెళ్తే మీటరుకు అది ఒక ధనావేశం లోపలికి వచ్చినట్టే కనిపిస్తుంది. అంటే అసలు కంటే ఎక్కువ చూపుతుంది. సంఖ్య ఎక్కువని నమ్మితే రావాల్సిన లెక్కా ఎక్కువే కడతాం, వచ్చింది తక్కువగా తోస్తుంది. మా లక్షణానికి ఇది అచ్చంగా సరిపోతుంది. అందుకే కప్పు మూతి దగ్గర ఒక వలయం పెట్టి దానికి రుణ వోల్టేజి ఇస్తారు, ఎగిరిన ఎలక్ట్రాన్లు మళ్లీ కప్పులోకే పడేలా. దాన్ని 100 వోల్టుల నుంచి 300కు పెంచాం. రీడింగు రెండు శాతం కూడా తగ్గలేదు. 400కు పెంచితే ఇక కదల్లేదు. ఎలక్ట్రాన్లు పారిపోవడం లేదని అర్థం. నేను ఇదే కారణమని దాదాపు తీర్మానించుకుని ఉన్నాను కాబట్టి ఈ ఫలితం నన్ను బాగా నిరాశపరిచింది.

టార్గెట్ మందాన్ని ఆమే చూసింది. అమెరీషియం-241 ఆల్ఫా కణాలను రేకులోంచి పంపి, ఎంత శక్తి కోల్పోయాయో కొలిచింది. 5 శాతం లోపు తేడాతో 200 మైక్రోగ్రాములే. డిటెక్టర్ల ముందున్న రంధ్రం 5 మిల్లీమీటర్లు, దూరం 400 మిల్లీమీటర్లు. చాంబర్ తెరిచి మళ్లీ కొలిచాం, మారలేదు. సెకనుకు 33 వచ్చేచోట ఎలక్ట్రానిక్స్ తీరిక లేక వదిలేసే ప్రశ్నే రాదు.

నాలుగు చోట్లా వెతకడం అయిపోయింది. లోటు అలాగే ఉంది.

వద్దన్న దారి

అప్పుడు ఆమె ఒక మాట అంది. "సార్, ఈ పరుగు క్యాలిబ్రేషన్ కోసమే కదా. రూథర్‌ఫర్డ్‌కు సరిపోయేలా 1.5తో గుణించి, అదే గుణకం మిగతా పరుగులన్నిటికీ వాడేస్తే?"

ఇది పనికిమాలిన మాట కాదు. రూథర్‌ఫర్డ్ చెదురుడును కొలబద్దగా వాడటం ఈ రంగంలో రోజూ జరిగేదే. కానీ అలా వాడేవాళ్లు ప్రతి పరుగులోనూ, అసలు కొలతతో పాటే, అప్పటికప్పుడు కొలుస్తారు. ఈమె అడుగుతున్నది ఒక్కసారి వచ్చిన గుణకాన్ని గడ్డకట్టించి, వేరే శక్తికి, వేరే టార్గెట్‌కు మోసుకెళ్లడం. ఆ 1.5 దేని నుంచి వచ్చిందో తెలియకుండా అది ఎప్పుడు మారుతుందో ఎలా తెలుస్తుంది? వద్దన్నాను. బీమ్ టైమ్ ఇంకా మూడు షిఫ్టులే మిగిలి ఉంది. ఆ పిల్ల ముఖం చూసి, వద్దనడం తేలిక కాలేదు.

తెలిసిన తీరు

మర్నాడు ఉదయం బీమ్‌ను మళ్లీ సరిచేయడానికి టార్గెట్ నిచ్చెనను (రేకుల ఫ్రేములను ఒకదాని మీద ఒకటి బిగించిన పట్టీని) ఖాళీ ఫ్రేము మీదికి దించారు. రేకు లేని చట్రం అది. బీమ్ దేనికీ తగలకుండా నేరుగా కప్పులోకి పోతుంది. నేను వేరే పని మీద కంట్రోల్ రూములో ఉన్నాను. మీటరు 24 నుంచి 16కు పడింది. ఆపరేటరు అలవాటుగా "బీమ్ తగ్గింది" అని లాగ్ బుక్కులో రాసుకుని సోర్సు నాబు వైపు చెయ్యి చాచాడు.

ఆగమన్నాను. బంగారు రేకు మళ్లీ పైకి ఎత్తమన్నాను. 24. ఖాళీ ఫ్రేము, 16. మళ్లీ రేకు, 24.

అడ్డు తీస్తే కరెంటు తగ్గుతోంది, అడ్డు పెడితే పెరుగుతోంది. రేకు అయాన్లను పుట్టించదు. సంఖ్య పెరగలేదంటే ఒక్కో అయాన్ మోసే ఆవేశమే పెరిగి ఉండాలి. లాగ్ బుక్కు వెనక్కి తిప్పితే, అంతకుముందు రెండు రోజుల్లో టార్గెట్ మార్చిన ప్రతిచోటా "బీమ్ తగ్గింది", "బీమ్ వచ్చింది" అన్న మాటలు ఉన్నాయి. సమాధానం మా చేతిరాతలోనే ఉంది, మేమే దాన్ని సోర్సు చపలత్వంగా చదివాం.

ఆమెను పిలిచి బోర్డు ముందు నిలబడి చెప్పినది ఇది. వేగంగా వెళ్లే అయాన్ పదార్థంలోంచి దూరేటప్పుడు, తన వేగం కంటే నెమ్మదిగా తిరిగే ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటుంది, తన కంటే వేగంగా తిరిగేవాటిని నిలుపుకుంటుంది. స్థూలంగా చెప్పే ఈ నియమం నీల్స్ బోర్‌ది. హైడ్రోజన్ ఎలక్ట్రాన్ వేగం కొలమానం, కాంతి వేగంలో 137వ వంతు, అంటే సెకనుకు 21.9 లక్షల మీటర్లు. మా సిలికాన్ వేగం సెకనుకు 2.62 కోట్ల మీటర్లు. దానికి 12 రెట్లు.

సిలికాన్‌కు 14 ఎలక్ట్రాన్లు. లోపలి పొరలో రెండు, అవి దాదాపు 14 రెట్ల వేగంతో తిరుగుతాయి, మా అయాన్ కంటే కొంచెం ఎక్కువ. రెండో పొరలోవి 5 రెట్ల దగ్గర. కాబట్టి 12 రెట్ల వేగంతో బంగారు రేకులోంచి బయటపడే సిలికాన్ దగ్గర మిగిలేవి చాలావరకు లోపలి రెండే. 14లో 2 తీసేస్తే 12+. అనుభవ సూత్రంతో కట్టినా సగటు 12.2 వచ్చింది.

మరి 8+ ఎక్కడిది? అది టెర్మినల్ రేకు దగ్గరిది. అక్కడ అయాన్ శక్తి 11 ఎంఈవీలే, వేగం 4 రెట్లే. రెండో పొర ఎలక్ట్రాన్లలో కొన్నే ఊడతాయి. సగటు 7, 8 మధ్య ఉంటుంది, వాటిలోంచి అయస్కాంతం 8+ను ఏరింది. ఆ తర్వాత వేగం మూడు రెట్లు పెరిగింది, కానీ మధ్యలో అంతా శూన్యమే కాబట్టి ఊడగొట్టేది ఏదీ లేక 8+ 8+గానే వచ్చింది. బంగారు రేకు తగలగానే కొత్త వేగానికి తగిన కొత్త ఆవేశం తెచ్చుకుంది.

మీటరు ఉన్నది రేకుకు అవతల. భాగించింది రేకుకు ఇవతలి ఆవేశంతో. 24 నానో ఆంపియర్లను 8తో కాక 12తో భాగిస్తే సెకనుకు 1,248 కోట్ల అయాన్లు. ఖాళీ ఫ్రేముతో 16ను 8తో భాగించినా అదే 1,248 కోట్లు. పనిచేసేవాళ్ల భాషలో 2 పార్టికల్ నానో ఆంపియర్లు, అంటే కరెంటును ఒక్కో అయాన్ ఆవేశపు అంకెతో భాగిస్తే వచ్చేది. ఆ సంఖ్యతో 30 డిగ్రీల దగ్గర రావాల్సింది సెకనుకు 33. వస్తున్నదీ అదే.

ఆమె కాసేపు బోర్డు చూసి, "అయితే వేగం కావాలి కదా సార్" అంది. అవునమ్మా, కావాలి, నేను తప్పు చెప్పాను అన్నాను. బీమ్ మచ్చ మాత్రం నిజంగానే అక్కర్లేదు.

ఆ బృందంలో ఇన్నాళ్లూ ఇది ఎందుకు బయటపడలేదో కూడా తేలింది. ఆమె వాడిన లెక్కల పట్టిక సీనియర్ల నుంచి వచ్చింది. వాళ్లు హీలియంతో, కార్బన్‌తో పనిచేశారు. ఆ శక్తుల్లో హీలియం 2+, కార్బన్ 6+, రెండూ పూర్తిగా ఊడినవే. టార్గెట్ తర్వాత పోగొట్టుకోవడానికి ఏమీ మిగలదు. పట్టికలో ఆవేశం గడి ఒక్కటే ఉన్నా వాళ్లకు చెల్లింది. సిలికాన్‌తో ఆ గడి రెండుగా చీలాల్సి వచ్చింది.

చేసి వదిలేసిన ప్రయత్నం

కారణం తెలిసినా, సూత్రం ఇచ్చిన 12.2ను నేరుగా వాడటానికి నాకు మనసొప్పలేదు. ఆ సూత్రం స్థూలమైన అంచనా. పైగా కార్బన్‌లోంచి, బంగారంలోంచి బయటపడే ఆవేశాలు కచ్చితంగా ఒకటి కావు. కొలవాలి.

నాకు తోచిన మొదటి ఉపాయం చూడటానికి అందంగా ఉంది. అయాన్ వదిలిన నాలుగు ఎలక్ట్రాన్లు టార్గెట్‌లోనే ఉంటాయి. కాబట్టి టార్గెట్ నిచ్చెనను, కప్పును ఒకే మీటరుకు కలిపేస్తే, పోగొట్టుకున్నది, పొందింది ఒకదాన్నొకటి సరిపెట్టి మళ్లీ 8+ లెక్కే చూపించాలి. ఆవేశం ఎక్కడికీ పోదు కదా. తీగ కలిపాం. మీటరు కప్పు ఒక్కటే చూపిన దానికి కొన్ని రెట్లు ఎక్కువ చూపింది, అదీ నిలకడ లేకుండా.

కారణం మళ్లీ ఎగిరే ఎలక్ట్రాన్లే. రేకు రెండు ముఖాల నుంచీ ఒక్కో అయాన్‌కు చాలా ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. కప్పు లోతుగా ఉంటుంది, మూతికి వలయం ఉంటుంది, అవి తిరిగి పడతాయి. రేకు బార్లా తెరిచిన పలక. పోయినవి చాంబర్ గోడకు పోతాయి. చాంబర్ మొత్తాన్ని నేల నుంచి వేరుచేసి దాన్నీ అదే మీటరుకు కలిపితే సరిపోతుంది, కానీ పంపులు, గొట్టాలు, కేబుళ్లతో అల్లుకుపోయిన ఆ చాంబర్‌ను మిగిలిన బీమ్ టైమ్‌లో అలా వేరుచేయడం అయ్యే పని కాదు. వదిలేశాం.

పనిచేసిన పద్ధతి

రెండు పనులు చేశాం. ఒకటి, ఖాళీ ఫ్రేము, రేకు, ఖాళీ ఫ్రేము, రేకు అని మార్చి మార్చి పది జతలు రీడింగులు తీశాం. సోర్సు నెమ్మదిగా జారుతూ ఉంటుంది కాబట్టి ఒక్క జతను నమ్మలేం. పక్కపక్క రీడింగుల నిష్పత్తి తీసుకుంటే ఆ జారుడు చాలావరకు పోతుంది. సగటు 1.50 వచ్చింది, జతకు జతకు తేడా రెండు శతాంశాల లోపే. అంటే రేకు తర్వాత సగటు ఆవేశం 12.0. రేకులో చెదిరి కప్పు మూతిని తప్పిపోయే అయాన్లు కొన్ని ఉంటాయి. అవి పోతే రీడింగు తగ్గుతుంది కాబట్టి అసలు సగటు 12.0 కంటే పిసరంత ఎక్కువే ఉండొచ్చు. ఆ మాట కూడా నోటుబుక్కులో రాయించాను.

రెండోది, బీమ్‌కు కుడివైపు 20 డిగ్రీల దగ్గర ఒకటి, ఎడమవైపు 20 డిగ్రీల దగ్గర ఒకటి చిన్న డిటెక్టర్లు బిగించి, పరుగు పొడుగునా లెక్కిస్తూ ఉండనిచ్చాం. ఇవి ఆవేశాన్ని చూడవు, అయాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెడతాయి. రెండు ఎందుకంటే, 20 డిగ్రీల దగ్గర కోణం 0.1 డిగ్రీ మారితే లెక్క 2 శాతం మారుతుంది. 400 మిల్లీమీటర్ల దూరంలో 0.1 డిగ్రీ అంటే 0.7 మిల్లీమీటర్లు. బీమ్ అంతమాత్రం పక్కకు జరగడం మామూలే. జరిగితే ఒక డిటెక్టరులో పెరిగింది రెండోదాంట్లో తగ్గుతుంది, సగటు నిలుస్తుంది. మచ్చ ఎంత పెద్దదో కొలవక్కర్లేదు కానీ ఎటు జరుగుతోందో చూసుకోక తప్పదు.

కప్పు చెప్పిన సంఖ్య, ఈ రెండు డిటెక్టర్లు చెప్పిన సంఖ్య 3 శాతం లోపు కలిశాయి. టార్గెట్ మందంలోనే 5 శాతం దాకా అనిశ్చితి ఉన్నప్పుడు అంతకంటే దగ్గరగా కలవాలని ఆశించలేం.

ఈ కేసు నుంచి నేను మార్చుకున్నవి

మీటరు కణాలను లెక్కపెట్టదు, ఆవేశాన్ని లెక్కపెడుతుంది. ఈ వాక్యం అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఆవేశం మీటరు ఉన్న చోట ఎంత అని అడగడం మాత్రం ఈ కేసు తర్వాతే అలవాటైంది. ఇప్పుడు ఎవరు బీమ్ అడిగినా వాళ్ల పట్టికలో రెండు గడులు పెట్టిస్తాను: టార్గెట్ ముందు ఆవేశం, మీటరు దగ్గర ఆవేశం. మధ్యలో ఏ రేకు ఉన్నా, ఆక్సిజన్ 7+ లాంటి తేలికపాటి అయాన్ అయినా సరే. ఆక్సిజన్‌కు తేడా పది శాతం చుట్టుపక్కలే ఉంటుంది. 34 శాతం తప్పు ఎవరినైనా నిద్రలేపుతుంది. పది శాతం తప్పు ఏదో ఒక ఇతర అనిశ్చితి పేరుతో పేపర్లోకి వెళ్లిపోతుంది. నాకు ఎక్కువ భయం దాని గురించే.

తీగ సూత్రం గురించి కూడా. దాన్ని తప్పుపట్టి వదిలేయడం సరికాదు, అడిగిన ప్రశ్నకు వాడితే చాలా చెబుతుంది. ఆమెతో తర్వాత ఆ లెక్క సరిగా కట్టించాను. సెకనుకు 1,248 కోట్ల అయాన్లను సెకనుకు 2.62 కోట్ల మీటర్ల వేగంతో భాగిస్తే మీటరు పొడవులో 477 అయాన్లు. సగటున రెండు మిల్లీమీటర్లకు ఒకటి. వేల కోట్లు అని లెక్కపెట్టిన బీమ్ నిజానికి ఇంత పలచన, ఒకదాని వెనక ఒకటి అంత ఎడంగా వెళ్లే అయాన్ల వరస అని ఆమెకు అప్పుడే కనిపించింది. రాగి తీగలో ఎలక్ట్రాన్లు కిక్కిరిసి నత్తనడక నడుస్తాయి, ఇక్కడ కొద్దిమంది విపరీతమైన వేగంతో పరిగెడతారు. రెండుచోట్లా సూత్రం ఒకటే. సెకనుకు ఎన్ని, మీటరుకు ఎన్ని, ఘనపు మీటరుకు ఎన్ని, ఈ మూడింటిలో ఏది కావాలో కాగితం మీద మాటల్లో రాశాకే అంకెలు వేయమని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

లాగ్ బుక్కులో కారణాలు రాయడం మాన్పించాను. "బీమ్ తగ్గింది" అనేది ఒక ఊహ. "ఖాళీ ఫ్రేము, 16 నానో ఆంపియర్లు" అనేది చూసినది. మేము రెండు రోజులు పోగొట్టుకున్నది ఆ తేడా దగ్గరే.

నాలుగు నెలల తర్వాత ఆమె అసలు ప్రయోగానికి తిరిగి వచ్చింది. ఈసారి టెర్మినల్ 120 లక్షల వోల్టులు, ఏరుకున్నది 9+, శక్తి 120 ఎంఈవీ. ముందుగా అదే బంగారు రేకుతో సరిచూసే పరుగు పెట్టుకుంది. బీమ్ రాకముందే నోటుబుక్కులో వేగం కట్టి, హైడ్రోజన్ ఎలక్ట్రాన్ వేగానికి 13 రెట్లని రాసి, పక్కన సగటు ఆవేశం 12.5, నిష్పత్తి 1.39 అని అంచనా వేసి ఉంచింది. ఆనాటి 1.5ను గడ్డకట్టించి మోసుకొచ్చి ఉంటే ఇక్కడ 8 శాతం తప్పు వచ్చేది. ఖాళీ ఫ్రేముతో మీటరు 18 చూపింది. రేకు ఎత్తమంది. 25. భాగించి, 1.39 అని అంచనా పక్కనే రాసి, రెండు మానిటర్ డిటెక్టర్ల లెక్కలు చూడటానికి కుర్చీ అటు జరుపుకుంది.